ఆమె కోసం వదిలిన జాగా

నేను గల్లీ మొదట్లో అడుగుపెడితే మగ్గాలు ఆగిపోయేవి. చేతిలో పన్నుల పుస్తకం, భుజాన సంచి, మొహం మీద చిరాకు. బిల్ కలెక్టర్ వస్తున్నాడంటే ఇంట్లో ఎవరూ లేనట్టు నటించడం మా ఊరి నేతగాళ్ల గల్లీకి అలవాటు. కానీ మగ్గం కూడా ఆపాలన్న సంగతి వాళ్లకు కాస్త ఆలస్యంగా గుర్తొచ్చేది. అప్పటిదాకా టకటకలాడిన ఇల్లు నన్ను చూడగానే గప్‌చుప్ అయితే, లోపల మనిషి ఉన్నాడని నాకు తెలియదా? తలుపు ముందు నిలబడి, "నువ్వు నేసుకోవయ్యా, నేసుకుంటనే మాట్లాడు" అనేవాణ్ని. లోపలి నుంచి నవ్వు వినిపించేది. ఆ నవ్వుతోపాటే తలుపు తెరుచుకునేది. పైసలు మాత్రం వచ్చే నెలకే.

ఇప్పుడు మునిసిపాలిటీల్లో చేరుతున్న పిల్లలకు ఈ తంటాలు లేవు. పన్ను ఫోన్‌లో కడుతున్నారు, రసీదు ఫోన్‌లో వస్తోంది. మంచిదే. ఎంత మంచిదో నా మోకాళ్లను అడిగితే చెప్తాయి. అయినా మీరు కూడా ఏదో ఒక రోజు, ఏదో ఒక మంచి పని కోసం, చేయి చాపుకొని ఒక గల్లీలోకి పోవాల్సి వస్తుంది. ఆ రోజు కోసం ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయను. ఊరి పేరు కూడా వద్దు. చౌటుప్పల్‌కూ నకిరేకల్‌కూ మధ్య హైవే పక్కన ఉన్న ఊళ్లలో అదొకటి అనుకోండి.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా పంచాయతీ మునిసిపాలిటీ అయింది. బోర్డు మారింది, కుర్చీలు మారలేదు. పంచాయతీలో బిల్ కలెక్టర్‌గా ఉన్న నేను మునిసిపాలిటీలోనూ బిల్ కలెక్టర్‌గానే మిగిలాను. కొత్తగా వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు కమిషనర్ సారు, నా కొడుకు వయసువాడు. ఇంకొకరు మహిళా సంఘాలను చూసుకునే మేడం. ఆమెది పాలమూరు వైపు. గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. మొదటి రోజే నన్ను "అన్నా" అని పిలిచింది. ఆఫీసులో నన్ను విసుక్కోకుండా పిలిచే మనిషి ఆమె ఒక్కతే.

నా బల్ల ఆఫీసు వాకిలి పక్కన ఉండేది. ఎవరు ఏ దరఖాస్తుతో వచ్చినా ముందు నన్ను దాటాలి. అట్లా ఒక సోమవారం ఒకామె వచ్చింది. నేతగాళ్ల గల్లీ మనిషే, నాకు తెలిసిన ఇల్లే. బొట్టు లేని నుదురు చూసి నేను లేచి నిలబడ్డాను. పన్ను అడగడానికి వాళ్లింటికి పోయినప్పుడల్లా ఆమె భర్త మగ్గం గుంటలో కూర్చొనే "మల్ల రాండ్రి సారూ, చాయ తాగిపోండ్రి" అనేవాడు. పన్ను లేదని చెప్పి చాయ పోసే మనిషి. తర్వాత మగ్గం గిట్టుబాటు కాక హైవే మీది మందుల కంపెనీలో పనికి కుదిరాడు. ఒక తెల్లవారుజామున డ్యూటీ దిగి బండి మీద ఇంటికి వస్తూ గల్లీ మొదట్లో, తన ఇంటికి ఎదురుగానే పడిపోయాడు. అక్కడ మోరి మీద బండ ఒకటి ఎప్పుడో కుంగిపోయింది. మురుగు కాలువను మేం మోరి అంటాం. ముందు చక్రం అందులో దిగింది, తల అంచుకు తగిలింది. నార్కట్‌పల్లి ఆసుపత్రి దాకా తీసుకుపోదామని బయల్దేరారు. దారిలోనే పోయాడు.

"కాగితం రాయించుకొచ్చిన సారూ," అంది ఆమె. "ఆ మోరి మీద బండలు ఏపియ్యాలె. మా ఆయన పోయిండు, పోనీ. ఇంకెవ్వలు పోవద్దు."

నష్టపరిహారం అడగడానికి వచ్చిందనుకున్నాను. ఆ మాట కాగితంలో ఎక్కడా లేదు. మోరి, బండలు, గల్లీ లైటు, అంతే. కమిషనర్ సారు ఎస్టిమేట్ పంపుతామన్నాడు. పంపాడు కూడా, అబద్ధం ఎందుకు. పైనుంచి నిధులు రాలేదు. ఆమె ప్రతి సోమవారం వచ్చేది. "ఏమన్న వచ్చిందా సారూ?" అని నన్నే అడిగి, నా మొహం చూసి, లోపలికి పోకుండానే వెనక్కి తిరిగిపోయేది. భర్త పోయిన ఆడమనిషి అట్లా ఆఫీసుల చుట్టూ తిరగడమేమిటని గల్లీలో గుసగుసలు లేచాయని నాకు తెలుసు. ఆమెకు కూడా తెలుసు.

కొంతకాలానికి పైనుంచి నిధుల బదులు ఒక ఆర్డర్ వచ్చింది. ప్రతి వార్డులో ఒక గల్లీని ఎంచుకోవాలి, జనాన్ని కలుపుకొని, జనం చందాలతో, తక్కువ ఖర్చులో, ఒక ఆదివారం నాడు బాగు చేయాలి, ముందు ఫోటో, తర్వాత ఫోటో పంపాలి. కమిషనర్ సారు బల్ల మీద అన్నిటికంటే పైన ఆమె కాగితమే ఉంది. అట్లా నేతగాళ్ల గల్లీ వంతు వచ్చింది. చందాలు పోగు చేసే పని నాకూ మేడానికీ పడింది.

కొన్నేళ్లుగా పన్ను ఎగ్గొడుతున్న గల్లీకి చందా అడగడానికి బిల్ కలెక్టర్‌ను పంపించారు! ఆ తెలివి ఎవరిదో ఇప్పటికీ నాకు తెలియదు. నేను పోయాను. మగ్గాలు ఆగాయి. ఒకాయన తలుపు సందులోంచే, "నల్లా నీళ్లు రానియ్యి, అప్పుడు చందా మాట చూద్దాం" అన్నాడు. ఇంకో అవ్వ, "పన్ను పేరు మార్చి చందా అంటున్నవా నాయినా?" అంది. నాకు కోపం వచ్చింది. మీ గల్లీలో మనిషి చచ్చిపోయాడు, మీ మోరికి బండలు వేసుకోవడానికి మీకేం రోగం అని అరిచాను. అరిస్తే చందాలు రావని అరిచాక అర్థమైంది.

మేడం నన్ను ఆఫీసులో కూర్చోబెట్టి చాయ తెప్పించింది. "అన్నా, నువ్వు చందా అని అడగకు. పండుగ చేస్తున్నం అని చెప్పు. పండుగకు ఎవ్వలన్న లేదంటరా?"

నిజమే. మర్నాడు ఆమె వెంట నేనూ పోయాను. గల్లీ పండుగ అంది. ఇంటింటికీ సున్నం, గోడల మీద వాళ్లు నేసే చిటికి చీరల డిజైన్లు, తలుపులకు మామిడి తోరణం, వాకిళ్లలో ముగ్గులు, డప్పు, చివరికి అందరికీ బంతి భోజనం అంది. మోరికి బండలు, గుంతలకు మొరం అన్న మాటలు మధ్యలో ఎక్కడో కలిపేసింది. నా చెవులతో విన్నాను, ఒక ఇంట్లో మగ్గం ఆగింది, మనిషి బయటికి వచ్చి, "మా ఇంటి వంతు ఏంది మేడం?" అని అడిగాడు. నేను ఇన్నేళ్లలో ఆ గల్లీలో వినని మాట అది.

తర్వాత అంతా నీళ్లు పారినట్టు జరిగిపోయింది. రంగుల దుకాణం సేటు మిగిలిపోయిన డబ్బాలు ఇచ్చాడు. టిప్పర్ నడిపే ఆయన మొరం తోలిపెడతానన్నాడు. కంపెనీకి పోయే మగపిల్లలు ఆదివారం సెలవు పెట్టుకొని పని చేస్తామన్నారు. పైసలు లేనివాళ్లు బియ్యం ఇచ్చారు, బియ్యం లేనివాళ్లు వంట చేస్తామన్నారు. అందరినీ ఒక తాటి మీదికి తెచ్చింది మాత్రం వాళ్ల కులపెద్ద. బక్కపలచని ముసలాయన, కళ్లకు మందపు అద్దాలు. వయసులో ఉన్నప్పుడు ఆయన నేసిన చీర కోసం కొనేవాళ్లు ఇంటి ముందు కూర్చునేవాళ్లట. ఎవరి ఇంట్లో పెళ్లయినా చావయినా ముందు ఆయన కర్ర చప్పుడే వినిపించాలి. ఆయన మాట కోసం గల్లీ ఆగుతుంది. మంచివాడు. ఈ మాట ఇప్పుడే చెప్పి పెడుతున్నాను, తర్వాత మీరు ఆయనను తప్పుగా అనుకోకుండా.

పండుగ దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం కులపెద్ద అరుగు మీద కూర్చొని మేం బండల సంగతి మాట్లాడుతున్నాం. మోరి పొడుగునా కొత్త బండలు వేయడానికి పోగైనవి కొద్దిగా తక్కువ పడుతున్నాయి. అప్పుడు ఆమె వచ్చింది. కొంగు భుజం చుట్టూ కప్పుకొని, అరుగుకు కొంచెం దూరంగా నిలబడింది.

"మామా, మా ఇంటి ఎనక నల్లరాతి బండలు ఉన్నయి. ఇల్లు కట్టుకుందామని ఆయన తెచ్చిపెట్టిండు. బెత్తెడు మందం ఉన్నయి, గట్టివి. మోరి మీదికి అవి తీస్కోండ్రి."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటి వెనక ఆ బండలను నేను చూశాను. పాత పరదా కప్పి, గోడకు ఆనించి ఉండేవి. రేకుల ఇల్లు తీసేసి స్లాబు వేసుకోవాలని, ముందు అరుగు కట్టుకోవాలని ఆయన కంపెనీ జీతంలోంచి కొంచెం కొంచెంగా తెచ్చిపెట్టుకున్నాడు. చాయ పోసేటప్పుడు నాకు చూపించేవాడు కూడా. "అరుగు కట్టినంక మీరు లోపలికి రావద్దు సారూ, అరుగు మీదనే కూసోండ్రి, బయటికెల్లే పంపిస్త" అని నవ్వేవాడు.

కులపెద్ద కర్రతో నేల గీస్తూ కూర్చున్నాడు. చివరికి, "ఏడాది ఎల్లలే గదా బిడ్డా," అన్నాడు.

మీలో కొందరికి తెలియకపోవచ్చు. మా దగ్గర మనిషి పోయిన ఇంటికి ఏడాది తిరిగేదాకా శుభకార్యాలు ఉండవు. ఆ ఇంటివాళ్లు పండుగ చేసుకోరు, ఇంకొకరి శుభకార్యంలో వాళ్ల సొమ్ము కలవదు. ఏడాది నాడు బంధువులకూ కులానికీ అన్నం పెట్టాక ఆ ఇల్లు మళ్లీ అందరి ఇళ్లలో కలుస్తుంది. ఆమె ఇంటికి ఇంకా ఏడాది తిరగలేదు.

"మోరి మీద బండ ఏసుడు శుభకార్యం ఎట్లయితది పెద్దమనిషీ?" అని నేను లేచాను. "మురికి కాలువకు మూత అది. దానికి గూడ ముట్టు, మైల చూస్తరా?"

ఆయన నా మీద కోప్పడలేదు. "కొబ్బరికాయ కొడుతున్నం సారు. డప్పు పెట్టిస్తున్నం. కాలం గాకున్న ఆడోళ్లు బతుకమ్మ ఆడుతమంటున్నరు. పండుగ అని మీరే గదా అన్నరు?"

పక్కన మేడం తల దించుకుంది. దూరంగా నిలబడ్డ ఆమె ముందుకు రెండడుగులు వేసి, "నేను బయటికి రాను మామా. తలుపు ఏసుకొనే ఉంట. బండలు మాత్రం తీస్కోండ్రి" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు ఏడుపు వచ్చింది.

"నేను ఒప్పుకున్నా ఇండ్లల్ల ఒప్పుకోరు బిడ్డా. రేపు ఎవ్వలింట్లనన్న మగ్గం ఆగితే, పిల్లకు జరమొస్తే, నీ మీదికే వస్తది. ఆ మాట నువ్వు పడద్దు." అంటూ ఆయన ఆలోచించాడు. ఆలోచించి, తనకు తెలిసినంతలో ఒక మంచి దారి వెతికాడు. "ఒక పని చేస్త. ఆయన పడ్డ కాడ జాగా విడిచిపెడుత. ఆడ ఎవ్వల బండ వేయనియ్య. నీ ఏడాది ఎల్లినంక, డప్పు పెట్టి, గల్లీ అంత వచ్చి, నీ బండలే నీ చేత ఏపిస్త. ఇది నా మాట."

గల్లీ అంతా ఆ మాటను మెచ్చుకుంది. ఎంత బాగా ఆలోచించాడని, ఆమెకు ఎంత గౌరవం ఇచ్చాడని అనుకున్నారు. కమిషనర్ సారు కూడా విని, "స్థానిక సంప్రదాయాన్ని గౌరవించారు" అని రిపోర్టులో రాయించాడు.

మర్నాడు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ రోజు సోమవారం కాదు.

"నా కోసం జాగా విడిచిండ్రంట గదా సారూ."

"అవునమ్మా."

"అది ఆయన పడ్డ జాగానే గదా. మల్ల ఎవ్వలన్న పడితే?"

ముళ్లకంప అడ్డం పెడతారని, కర్ర పాతి ఎర్రగుడ్డ కడతారని చెప్పాను. ఆమె నన్ను కాసేపు చూసింది. ఆ ఎర్రగుడ్డ ముందే కట్టి ఉంటే ఆయన ఇంటికి వచ్చేవాడు కదా అని అడగలేదు. ఆమె అడగకపోయినా నాకు వినిపించింది. మేడం ఆ పూట అన్నం తినలేదు. స్టోర్ గదిలోకి పోయి కళ్లు తుడుచుకొని వచ్చి, "పండుగ అనే మాట నా నోట్లెకెల్లి ఎందుకొచ్చిందో అన్నా" అంది. ఆ మాట రాకపోతే పైసా పుట్టేది కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

పండుగ బాగా జరిగింది. ఈ విషయంలో నేను అబద్ధం చెప్పలేను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చూసిన అందమైన ఆదివారం అదే. తెల్లారక ముందే మొరం పరిచారు. మగపిల్లలు మోరి పొడుగునా బండలు దించుతుంటే ముసలివాళ్లు అరుగుల మీది నుంచి సలహాలు అరిచారు. గోడల మీద నేతగాళ్లు చీరల మీద వేసే డిజైన్లే వేశారు. ఏనుగు, చిలుక, పువ్వు, అన్నీ అంచులు చెదిరినట్టు, అచ్చం చిటికి చీరలో ఉన్నట్టే. ఆడవాళ్లు బతుకమ్మ ఆడారు. నన్ను చూసి ఒక్క మగ్గం కూడా ఆగలేదు. ఆ రోజు ఎవరూ నేయలేదు అనుకోండి, అయినా నాకు సంతోషమే అనిపించింది.

గల్లీ మొదట్లో మాత్రం ఒక తలుపు మూసి ఉంది. దాని ముందు ముగ్గు లేదు, తోరణం లేదు, గోడకు సున్నం లేదు. ఆ ఇంటి ఎదురుగా మోరి మీద మనిషి పట్టేంత జాగా నోరు తెరుచుకొని ఉంది, దాని మీద ముళ్లకంప, ఎర్రగుడ్డ. కమిషనర్ సారు ఫోటోలు తీసేవాడికి ఆ వైపు రాకుండా తీయమని చెప్పాడు. బంతి భోజనం పెట్టేటప్పుడు మేడం ఒక విస్తరిలో అన్నం కట్టుకొని ఆ తలుపు కొట్టబోయింది. ఎవరో అవ్వ ఆమె చేయి పట్టి ఆపి, పండుగ అన్నం ఆ ఇంటికి పోవద్దు బిడ్డా అంది. మేడం ఆ విస్తరి పట్టుకొని గల్లీ మధ్యలో అట్లాగే నిలబడిపోయింది. ఆ డప్పు చప్పుడు తలుపు వెనక ఎట్లా వినిపించి ఉంటుందో నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

వానలు పడ్డాయి. ఎర్రగుడ్డ ఎగిరిపోయింది. ముళ్లకంపను ఎవరి మేకలో తొక్కి పక్కకు జరిపాయి. నేను పన్నుల కోసం పోయిన ప్రతిసారీ ఆ జాగా కాడ ఒక మనిషి ఉండేది. ఆమే. కూలికి చిటికి కట్టే పని తెచ్చుకుంది. చీరకు రంగు ఎక్కకూడని చోట నూలుకు ముడులు వేసే పని అది, నీడలో కూర్చొని చేసుకోవాలి. ఆమె ఇంట్లోంచి వాకిట్లోకి తెచ్చుకొని, ఆ జాగాకు ఎదురుగా కూర్చొని కట్టేది. కళ్లు నూలు మీద, చెవులు గల్లీ మీద. ఎవరు వస్తున్నా తల ఎత్తకుండానే, "పైలం అన్నా, పైలం" అనేది, జాగ్రత్త అని. స్కూలు పిల్లలకు "పైలం బిడ్డా". బండ్లకు చేయి ఊపేది. మొదట్లో జనం ఆగి, ఆమె వైపు జాలిగా చూసి పోయేవారు. తర్వాత అలవాటైంది. వానాకాలం పోయేసరికి ఆ మాట వినకుండానే పక్కకు తప్పుకొని పోయేవారు. ఆమె మాత్రం చెప్తూనే ఉంది. ఆ జాగాలో ఎవరూ పడలేదు. ఎందుకు పడలేదో గల్లీలో ఎవరూ ఆలోచించలేదు.

నేను ఒకసారి ఆగలేక, "ఆ బండ ఒక్కటి ఇప్పుడే ఏసుకో, ఎవ్వలేమంటరో నేను చూస్త" అన్నాను. ఆమె ముడి బిగించి, "మామ మాట ఇచ్చిండు గదా సారూ. అందరు వచ్చి ఏపిస్తమన్నరు. ఆయన బండ అందరి ముందర పడాలె" అంది. అప్పుడు నాకు తెలిసింది, ఆమె ఎదురుచూస్తున్నది ఆ రోజు కోసమే. గల్లీ మొత్తం తన వాకిట్లోకి వచ్చే రోజు.

కులపెద్ద మాత్రం ఏమైనా మరిచిపోయాడా? లేదు. పండుగలో మిగిలిన సిమెంటు బస్తా ఒకటి ఆమె బండల కోసమని తన మంచం కింద దాచాడు. వానల తేమకు అది గడ్డకట్టింది. విప్పి చూసి, తనను తానే తిట్టుకొని, తన పైసలతో ఇంకో బస్తా తెచ్చి పెట్టాడు. ఏడాది దగ్గర పడుతుంటే మేస్త్రీకి చెప్పాడు, డప్పుకు చెప్పాడు, ఆఫీసుకు వచ్చి నన్నూ మేడాన్నీ పిలిచాడు. "మాట తప్పద్దు సారు. ఆ పిల్ల ఇన్ని నెలలు ఎదురు చూసింది" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఏడాది నాడు ఆమె వాకిట్లో షామియానా వేశారు. భర్త తరఫు అన్నదమ్ములు, ఊళ్లల్లో బంధువులు, గల్లీ అంతా వచ్చారు. బంతులు లేచాయి, మళ్లీ కూర్చున్నాయి. అన్నం, కూర, పప్పు, బూరెలు, ఏ లోటూ లేదు. మర్యాద తక్కువ కాకుండా చేసిందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ కడుపునిండా తిన్నాను. నా పక్కన మేడం, ఎదురుగా కులపెద్ద. ఆమె అటూ ఇటూ తిరుగుతూ వడ్డన చూసుకుంటోంది. మొహం అలసిపోయి ఉంది. గల్లీ మొదట్లో డప్పు వాళ్లు మంట వేసుకొని డప్పు కాచుకుంటున్నారు. మేస్త్రీ మోరి అంచు చెక్కి సిద్ధం చేశాడు.

చేతులు కడుక్కోకముందే కులపెద్ద లేచాడు. "బిడ్డా, ఇగ ఎల్లింది. బండలు తీపియ్యి. ఈ చేతులతోటే ఎత్తుత."

ఆమె చేతిలో నీళ్ల చెంబు ఉంది. దాన్ని కింద పెట్టింది.

"బండలు లేవు మామా."

"లేవంటే?"

"వెంచర్ల ప్లాటు కొని ఇల్లు కట్టుకుంటున్న సేటు కొనుక్కపోయిండు. మొన్ననే, ఎనక గల్లీలకెల్లి ట్రాలీ తెచ్చుకొని తీస్కపోయిండు." షామియానా కింది బంతుల వైపు చూసింది. "బియ్యం ఏడికెల్లి తేవాలె మామా, నూనె ఏడికెల్లి తేవాలె? చిటికి కూలికి ఇంతమందికి అన్నం ఎట్ల అయితది? ఏడాది ఎల్లదీయకుంటే నా బండలు మీరు ముట్టరు. ఎల్లదీస్తే బండలు ఉండవు. నేనేం చెయ్యాలె?"

ఎవరినీ నిందించినట్టు చెప్పలేదు. లెక్క తప్పిన పిల్ల టీచర్‌ను అడిగినట్టు, నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది. నా నోట్లో ఇంకా బూరె తీపి ఉంది. మేం తిన్నది ఆ బండలే. ఆయన కట్టుకోని అరుగును అందరం కూర్చొని విస్తళ్లలో తిన్నాం.

కులపెద్ద తన చేతి వైపు చూసుకున్నాడు. అన్నం మెతుకులు అంటుకొని ఉన్నాయి. అట్లాగే పోయి మోరి గట్టు మీద కూర్చొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మంచి చేశానని ఇన్ని నెలలూ అనుకున్న మనిషి ఏడిస్తే చూడటం చాలా కష్టం. ఆయన చుట్టూ గల్లీ నిలబడింది, డప్పు వాళ్లు మంట ఆర్పేశారు.

కొంతసేపటికి ఆయన లేచి, కర్ర కూడా మరిచిపోయి, తన ఇంటి వైపు నడిచాడు. మేస్త్రీని పిలిచి, తన గడప ముందు మెట్టుగా ఉన్న బండ చూపించి, "ఇది పీకు" అన్నాడు. లోపలి నుంచి ఆయన భార్య ఏదో అరవబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. ఆ బండ మీద పిల్లలు పుట్టి నడక నేర్చుకున్నారు, కోడళ్లు కాలు పెట్టి ఇంట్లోకి వచ్చారు. మగపిల్లలు దాన్ని పెకలించి మోసుకొచ్చారు.

బండను మోరి దగ్గర పెట్టాక ఆయన ఆమె వైపు తిరిగాడు. "బిడ్డా, వాని పేరు మీద నువ్వే చెయ్యి పెట్టు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇది నీ బండ మామా. నువ్వే ఎయ్యి. నేను నీళ్లు పడత."

అట్లా ఆ జాగా మూసుకుంది. డప్పు మోగలేదు. సిమెంటు ఆరేదాకా పొద్దున, సాయంత్రం తడపాలని మేస్త్రీ ఆమెకు చెప్పాడు. ఆమె సరేనంది. నా సంచిలో చందాల రసీదు పుస్తకం ఉంది. తీసి ఆమె పేరు రాద్దామనుకున్నాను. ఎంత ఇచ్చిందని రాయాలో తెలియక మూసేశాను.

కులపెద్ద ఇప్పుడు లేడు. ఆయన ఇంటి ముందు మెట్టు లేకుండానే ఉంది, కొడుకులు వేయించలేదో, వేయించవద్దని ఆయనే చెప్పి పోయాడో నేను అడగలేదు. మేడం పాలమూరు వైపే బదిలీ చేయించుకొని పోయింది. పండక్కి ఫోన్ చేస్తుంది, పండుగ అన్న మాట మాత్రం అనదు. ఆ గల్లీ ఫోటోలు ఇప్పటికీ మునిసిపాలిటీ గోడకు వేలాడుతున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లకు చూపించి, ఇట్లా చేయాలి అని చెప్తారట. చేయండి. పండుగ అనే చెప్పండి, అట్లా చెప్తేనే ఇస్తారు. కానీ చెప్పే ముందు ఆ గల్లీలో మూసి ఉన్న తలుపు ఏదో చూసి, ముందు దాన్ని కొట్టండి.

రిటైరయ్యాక కూడా నేను పొద్దున నడకకు ఆ గల్లీలోంచే పోతాను. పన్ను అడగనని తెలిసి ఇప్పుడు ఎవరూ మగ్గం ఆపరు. మొన్న కూడా పోయాను. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి ఆ బండ అంచుల మీద పోస్తోంది. ప్రతి పొద్దునా పోస్తూనే ఉంది, మేస్త్రీ చెప్పిన గడువు ఎప్పుడో దాటిపోయినా.

"సిమెంటు ఎప్పుడో గట్టిపడ్డదమ్మా," అన్నాను.

"ఎరుకనే సారూ," అంది. చెంబులో మిగిలిన నీళ్లు కూడా పోసింది. నేను బండ మీద కాలు పెట్టబోతుంటే చేయి అడ్డం పెట్టింది.

"పైలం సారూ, తడిగున్నది."

నేను పక్కకు తప్పుకొని నడిచాను.